కోడింగ్ బడులు పెరిగాయి... కొలువుల లెక్క తేలేదెప్పుడు?

హామీలు చూసి వాయిదాల అప్పుల్లోకి యువత - చేరేముందు అడగాల్సిన ప్రశ్నలు ఎన్నో

పిఠాపురం: డిగ్రీ పట్టా చేతికందిన తర్వాత మరో ఆరు నెలలో, ఏడాదో వెచ్చించి కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్పే బడిలో చేరడం గోదావరి జిల్లాల యువతకు అలవాటైన మెట్టుగా మారింది. ఒకప్పుడు ఇందుకోసం గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ చేరి, అమీర్‌పేటలో నలుగురితో కలిసి గది అద్దెకు తీసుకోవలసి వచ్చేది. నేడు అదే బోధన తెలుగులో, ఇంటివద్దనున్న ల్యాప్‌టాప్‌లోకే వస్తోంది. దూరం తగ్గింది గాని భారం తగ్గలేదు. ఈ బడుల ఎదుగుదలకు బలమైన కారణాలే ఉన్నాయి. అవి ఇచ్చే ఉద్యోగ హామీలను సరిచూసే ఏర్పాటు మాత్రం వాటితో సమానంగా ఎదగలేదు.

అమీర్‌పేట నుంచి అరచేతిలోకి...

తెలుగునాట ఇంటెన్సివ్ కంప్యూటర్ శిక్షణకు తొలి చిరునామా అమీర్‌పేట. 2000 సంవత్సరం రాకతో పాత కంప్యూటర్ల తేదీలు తారుమారవుతాయన్న వై2కే భయం అమెరికాలో ప్రోగ్రామర్లకు గిరాకీ పెంచింది. మైత్రీవనం పరిసరాల్లో శిక్షణ సంస్థలు వరుసగా వెలిశాయి. కోబాల్, మెయిన్‌ఫ్రేమ్‌లతో మొదలైన పాఠాలు ఒరాకిల్, జావా, డాట్‌నెట్, శాప్‌ల మీదుగా నేటి పైథాన్, క్లౌడ్, డేటా సైన్స్ వరకు వచ్చాయి. మార్కెట్ ఏది అడిగితే అది కొద్ది వారాల్లోనే అక్కడి బోర్డుల మీద కనిపించేది.

అమీర్‌పేట పద్ధతిలో ఒక సౌలభ్యం ఉండేది. మొదటి కొన్ని రోజులు ఉచిత డెమో క్లాసులు. పాఠం నచ్చితే ఫీజు కట్టాలి, నచ్చకపోతే పక్క భవనంలోకి వెళ్లాలి. కోర్సులు విడివిడిగా ఉండేవి. ఉద్యోగం వస్తుందా, రాదా అన్నది విద్యార్థి పూచీయే అయినా, పోయే సొమ్ముకు ఒక హద్దు ఉండేది.

2020లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన నెక్స్ట్‌వేవ్ సంస్థతో ఈ రంగం తీరు మారింది. ఐఐటీ, ట్రిపుల్ ఐటీల్లో చదివిన రాహుల్ అత్తులూరి, శశాంక్ గుజ్జుల, అనుపమ్ పెదర్ల దీని వ్యవస్థాపకులు. సీసీబీపీ 4.0 పేరిట ఆన్‌లైన్‌లో తెలుగులోనూ పాఠాలు అందించి చిన్న పట్టణాల విద్యార్థులకు చేరువైంది. 2023 ఫిబ్రవరిలో గ్రేటర్ పసిఫిక్ క్యాపిటల్ నేతృత్వంలో 3.3 కోట్ల డాలర్ల పెట్టుబడిని సమీకరించింది. అనంతరం ప్రైవేటు విశ్వవిద్యాలయాలతో కలిసి నియాట్ పేరుతో నాలుగేళ్ల చదువులోకీ అడుగుపెట్టింది. బెంగళూరులో 2019లో ప్రారంభమైన మసాయ్ స్కూల్ 'ఉద్యోగం వచ్చాకే ఫీజు' విధానంతో గుర్తింపు పొందింది. గల్లీ కోచింగ్‌గా మొదలైన వ్యవహారం విదేశీ పెట్టుబడుల వ్యాపారంగా ఎదిగింది.

కళాశాలలు వదిలేసిన ఖాళీ

ఈ బడులకు తావిచ్చింది మన ఉన్నత విద్యలోని లోపమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ అమలైన కాలంలో ఇంజినీరింగ్ కళాశాలల సంఖ్య ఒక దశలో 700 దరిదాపులకు చేరింది. సీట్లు పెరిగినంతగా బోధకులు పెరగలేదు. ప్రయోగశాల రికార్డు ఒకరిది చూసి మరొకరు రాయడం, పరీక్షకు ముందు ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టడం ఎందరికో అనుభవమే. ప్రోగ్రామింగ్ అలా వచ్చేది కాదు. ఉప్పాడలో జాందానీ నేత నేర్చుకోవాలంటే మగ్గం ముందు కూర్చోవాలి. పోగు తెగితే తానే ముడి వేసుకోవాలి. కోడ్ కూడా అంతే. రాయాలి, తప్పు రావాలి, ఆ తప్పు ఎక్కడుందో తానే వెతకాలి.

ఇంటెన్సివ్ బడి చేసే పని సరిగ్గా ఇదే. వెబ్ పేజీల నిర్మాణం, జావాస్క్రిప్ట్, పైథాన్, డేటాబేస్‌ల వరుసలో రోజూ పాఠం, వెంటనే అభ్యాసం, వారాంతంలో పరీక్ష, చివర ప్రాజెక్టు, ఆపై ఇంటర్వ్యూ సాధన. దీనికి తెలుగు బోధన తోడైంది. తెలుగు మాధ్యమంలో చదివి ఇంజినీరింగ్‌లో ఇంగ్లిషు పాఠాల ముందు మౌనంగా ఉండిపోయిన విద్యార్థికి ఇది చిన్న మేలు కాదు. సూర్యరాయాంధ్ర నిఘంటువును ఆదరించిన సంస్థానం ఉన్న ఊరికి మాతృభాషలో చదువు విలువ కొత్తగా చెప్పనక్కర్లేదు. కాబట్టి ఈ బడులన్నీ మోసమని కొట్టిపారేయడం న్యాయం కాదు. చిక్కంతా బోధనలో కన్నా ప్రకటనల్లో, ఫీజు వసూలు చేసే తీరులో ఉంది.

అమెరికాలో ఏం జరిగింది?

ఈ తరహా బడులకు అమెరికాలో బూట్‌క్యాంప్ అని పేరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2012లో మొదలైన డెవ్ బూట్‌క్యాంప్ వాటిలో తొలితరం సంస్థ. ఎంతో పేరు గడించిన ఆ సంస్థ 2017 చివరికి మూతపడింది. అదే ఏడాది వచ్చిన లాంబ్డా స్కూల్ ముందుగా ఫీజు లేదని, ఏడాదికి 50 వేల డాలర్లకు పైబడిన ఉద్యోగం వస్తే జీతంలో 17 శాతం చొప్పున రెండేళ్లు, గరిష్ఠంగా 30 వేల డాలర్లు చెల్లిస్తే చాలని ప్రకటించింది. తర్వాత బ్లూమ్‌టెక్‌గా పేరు మార్చుకుంది.

2024 ఏప్రిల్‌లో అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ ఈ బడిపై చర్య తీసుకుంది. 71 నుంచి 86 శాతం మందికి ఉద్యోగాలని ప్రచారం చేసుకోగా, వాస్తవం 50 శాతానికి దగ్గరగా ఉందని, కొన్ని బృందాల్లో 30 శాతానికి పడిపోయిందని తేల్చింది. రుణం కాదని చెప్పిన ఒప్పందం రుణమేనని స్పష్టం చేసింది. వినియోగదారులకు రుణాలిచ్చే వ్యాపారం నుంచి ఆ సంస్థను శాశ్వతంగా నిషేధించింది.

శాతం వెనుక మతలబు

ఆ లెక్క ఎలా మారుతుందో ఒక ఉదాహరణ చూడాలి. కోర్సులో వంద మంది చేరారనుకుందాం. చివరిదాకా నిలిచింది అరవై మంది. వారిలో ఇంటర్వ్యూలకు అర్హులుగా సంస్థ ఎంపిక చేసింది నలభై మందిని. ఉద్యోగం వచ్చింది ముప్పై మందికి. ప్రకటనలో ఇది '75 శాతం'. చేరిన విద్యార్థికి వర్తించేది మాత్రం 30 శాతమే. రెండూ ఒకే తరగతి గది లెక్కలే. ఏ సంఖ్యతో భాగించారన్నదే తేడా.

అప్పు సంగతి మరొకటి. లక్ష రూపాయల ఫీజును 24 నెలల వాయిదాలుగా విభజిస్తే వడ్డీ లేకున్నా నెలకు సుమారు 4,170 రూపాయలు కట్టాలి. ఆ ఒప్పందం చాలాచోట్ల బడితో కాక ఫైనాన్స్ సంస్థతో కుదురుతుంది. చదువు మధ్యలో మానేసినా, ఉద్యోగం రాకపోయినా వాయిదా ఆగకపోవచ్చు. తప్పితే సిబిల్ స్కోరు దెబ్బతిని, రేపటి ఇతర రుణాలకు అడ్డుపడుతుంది. సహసంతకం చేసిన తండ్రి కౌలు రైతైనా, నేత కార్మికుడైనా ఆ భారం ఆయనపైనే.

పైగా కొలువుల వాతావరణం మునుపటిలా లేదు. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలో కలిపి సిబ్బంది సంఖ్య సుమారు 64 వేలు తగ్గింది. 2025 జులైలో టీసీఎస్ సుమారు 12 వేల మందిని తగ్గించుకుంటామని ప్రకటించింది. కొత్తవారికి అప్పగించే చిన్నపాటి కోడింగ్ పనులను కృత్రిమ మేధ చేసిపెడుతున్న రోజులివి. అందుచేత పాత సంవత్సరాల ఉద్యోగాల జాబితా చూపి నేటి విద్యార్థిని చేర్చుకోవడం సరికాదు.

చేరేముందు ఇవి అడగండి

* ఉద్యోగాల శాతాన్ని చేరినవారి సంఖ్యతో లెక్కించారా, పూర్తిచేసినవారి సంఖ్యతోనా?
* గత ఏడాది వచ్చిన ఉద్యోగాల్లో ప్రోగ్రామింగ్‌వి ఎన్ని? సగటు కాక మధ్యస్థ జీతం ఎంత?
* మానేస్తే ఎన్ని రోజుల్లో, ఎంత సొమ్ము తిరిగి ఇస్తారు? అది కాగితం మీద ఉందా?
* అప్పు ఎవరి పేర ఉంది? రుణ సంస్థ తప్పనిసరిగా ఇవ్వాల్సిన ముఖ్య వివరాల పత్రం చేతికి వచ్చిందా? రద్దు గడువు ఎన్ని రోజులు?
* పాఠం చెప్పేదెవరు? సందేహం వస్తే జవాబిచ్చేది మనిషా, రికార్డు చేసిన వీడియోనా?

ఎడ్‌టెక్ సంస్థల రుణాలు, ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా సొమ్ము కోతల విషయంలో జాగ్రత్తగా ఉండాలని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే సూచించింది. కోచింగ్ రంగంలో తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణకు కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు జారీచేసింది. ఉద్యోగం ఖాయమంటూ తప్పుడు హామీలివ్వడాన్ని అవి నిషేధించాయి. ఫిర్యాదులకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

చేయాల్సింది ఇక్కడే

అప్పు లేని దారులూ లేకపోలేదు. స్వయం, ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితం. తమిళనాడులో జోహో సంస్థ తన బడిలో ఫీజు తీసుకోకపోగా స్టయిపెండ్ ఇచ్చి నేర్పుతోంది. పిఠాపురానికి ఇరవై కిలోమీటర్ల లోపు కాకినాడలోనే జేఎన్‌టీయూ ఉంది. పిఠాపురం రాజావారి పేరు మోస్తున్న పీఆర్ ప్రభుత్వ కళాశాల 1884 నుంచి అక్కడే ఉంది. సాయంత్రాలు కంప్యూటర్ ల్యాబ్‌లు తెరిచి, సీనియర్ విద్యార్థుల పర్యవేక్షణలో జిల్లా నిరుద్యోగులకు అభ్యాస తరగతులు నడిపితే ఖర్చు స్వల్పం, మేలు అధికం. 2020లో డిగ్రీ కోర్సుల్లో తప్పనిసరి చేసిన పది నెలల ఇంటర్న్‌షిప్‌నైనా కాగితాలకు పరిమితం చేయకుండా నిజమైన ప్రాజెక్టులతో నడపాలి.

జిల్లాలో విద్యార్థులను చేర్చుకునే ప్రతి శిక్షణ సంస్థా ఏటా ఎందరు చేరారు, ఎందరు పూర్తిచేశారు, ఎందరికి ఏ ఉద్యోగం వచ్చిందన్న మూడు అంకెలను అధికారులకు సమర్పించేలా యంత్రాంగం చూడాలి. బాగా నేర్పుతున్న బడికి ఆ అంకెలే ప్రచారమవుతాయి. వాటిని చెప్పడానికి వెనుకాడే బడికి ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు మరోసారి ఆలోచించుకోవడం మేలు.