ఎవరూ చదవని జవాబుకు కరెంటు ఎందుకు?

విద్యార్థులారా! తర్కద్వారాలతో ఒక సర్క్యూట్ గీయమని అడిగినప్పుడు పేపరు దిద్దేవారు ఏం చూస్తారు? ఇచ్చిన ఇన్‌పుట్లకు సరైన అవుట్‌పుట్ వచ్చిందా, లేదా? వచ్చిందంటే పూర్తి మార్కులు. ఈ పద్ధతి నాకు నచ్చదు. ఆ జవాబు చెప్పడానికి మీ సర్క్యూట్ ఎంత విద్యుచ్ఛక్తి ఖర్చు చేసిందో కూడా అడగాలని నా వాదన. నా కారణాలు చెబుతాను. నచ్చితే ఒప్పుకోండి, నచ్చకపోతే మీ మాస్టారితో కలిసి నాతో వాదనకు దిగండి.

మామూలు చిప్ చేయవలసిన పని ఫ్యాక్టరీలోనే నిర్ణయమైపోతుంది. గడియారం కోసం చేసిన చిప్ గడియారానికే పనికొస్తుంది. అలా కాక, పని ఏమిటో కొనుక్కున్నవారే తరువాత నిర్ణయించుకునే చిప్‌లు కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది ఎఫ్‌పిజిఎ. జైలింక్స్ అనే అమెరికన్ సంస్థ స్థాపకులలో ఒకరైన రాస్ ఫ్రీమన్ ఆలోచన ఇది. ఆ సంస్థ 1985లో తెచ్చిన తొలి చిప్‌లో 64 చిన్న గదుల వంటివి ఉండేవి. ఒక్కొక్క గదిలో ఒక చిన్న సత్యపట్టిక. అందులో 0లు, 1లు మీరు ఎలా నింపితే ఆ గది ఆ రకం ద్వారంగా పనిచేస్తుంది. గదుల మధ్య తీగలు, తీగల కూడళ్ళలో స్విచ్‌లు. రైల్వే జంక్షన్‌లో పాయింట్లు మార్చి బండిని కావలసిన పట్టా మీదికి పంపినట్లే సంకేతాన్ని కావలసిన తీగలోకి పంపవచ్చు. ఈనాటి పెద్ద చిప్‌లలో ఇలాంటి గదులు లక్షల్లో ఉంటాయి. 2022లో జైలింక్స్‌ను ఎఎండి కొనుగోలు చేసింది. ఈ పనిచేసే ఇంజనీర్లలో కొందరు మన హైదరాబాదులోనే ఉన్నారు.

ఈ సౌకర్యం ఊరికే రాదు. ఎవరు ఏ దారి కోరతారో ముందుగా తెలియదు కనుక అన్ని దారులూ వేసి ఉంచాలి. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాన్ కువాన్, జొనాథన్ రోజ్ 2007లో తమ పోలిక ఫలితాలను ప్రచురించారు. ఒకే పని కోసం ప్రత్యేకంగా చేసిన చిప్‌తో పోలిస్తే, అదే పనికి ఎఫ్‌పిజిఎలో సంకేతాల మార్పులకు అయ్యే విద్యుత్తు సగటున 14 రెట్లని వారు లెక్కగట్టారు.

అయితే ప్రత్యేక చిప్పే చేయించుకోవచ్చు కదా అంటారేమో. లక్షల సంఖ్యలో అమ్ముడుపోయే వస్తువైతే అలాగే చేస్తారు. వంద చిప్‌లే కావలసినవాడు, రేపు పని మార్చుకోవలసినవాడు అలా చేయలేడు. 2021 ఫిబ్రవరిలో కుజగ్రహం మీద దిగిన పర్సెవరెన్స్ బండినే తీసుకోండి. దిగేటప్పుడు నేల చిత్రాలు చూసి, తాను ఎక్కడున్నదీ గుర్తించే కంప్యూటరులో ఒక ఎఫ్‌పిజిఎ ఉంది. దిగిన తరువాత, బండి నడకకు కావలసిన చిత్రాల పనికి ఆ చిప్‌నే మళ్ళీ సిద్ధం చేశారు. ఇక ఆ బండికి విద్యుత్తు ఇచ్చే అణు బ్యాటరీ బయలుదేరేనాటి సామర్థ్యం సుమారు 110 వాట్లు. మీ తాతగారింట్లో వెలిగిన 100 వాట్ల పాత బల్బు గుర్తుందా? దాదాపు అంత విద్యుత్తుతో గోళాంతరంలో ఒక బండి బతకాలి. అక్కడ వృథా అయ్యే ప్రతి వాటూ ఏదో ఒక పరికరం నోటి దగ్గర నుంచి లాక్కున్నదే.

ఇంతకూ చిప్‌లో విద్యుత్తు ఎక్కడికి పోతుంది? 1978లో వచ్చిన పాల్ అనే తొలితరం మార్చుకోదగ్గ చిప్‌లు పని ఉన్నా లేకపోయినా కరెంటు లాగుతూనే ఉండేవి. 5 వోల్టుల దగ్గర 180 మిల్లీఆంపియర్ల దాకా. వోల్టులను ఆంపియర్లతో గుణించండి, 0.9 వాటు వస్తుంది. ఒక్క చిన్న చిప్‌కు! 1963లో వాన్లాస్, సా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రకటించిన సీమాస్ పద్ధతి ఈ చిక్కును చాలావరకు తీర్చింది. ఇందులో తీగ మీది సంకేతం 0 నుంచి 1కి, 1 నుంచి 0కి మారినప్పుడే ముఖ్యంగా ఖర్చు. తీగను ఒక బిందె అనుకోండి. 1 కావాలంటే నింపాలి, 0 కావాలంటే ఒలకబోయాలి. నిండిన బిందె కదలకుండా కూర్చుంటే కొత్త నీళ్ళు అక్కరలేదు. నింపి ఒలకబోసిన ప్రతిసారీ అయ్యే శక్తి తీగ కెపాసిటెన్సును బట్టి, వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 'వర్గం' అన్న మాట గమనించండి. వోల్టేజిని 5 నుంచి 1కి తగ్గిస్తే ఖర్చు అయిదో వంతు కాదు, ఇరవై అయిదో వంతు అవుతుంది.

చిప్ తయారుచేసేవారు ఈ కిటుకును బాగానే వాడుకున్నారు. తొలినాటి 5 వోల్టులు ఈనాడు చిప్ లోపలి భాగంలో 1 వోల్టు కంటే కిందికి వచ్చాయి. కాని ఇంకా ఇంకా తగ్గించుకుంటూ పోవడం కుదరదు. వోల్టేజి తగ్గితే ట్రాన్సిస్టర్ నెమ్మదిస్తుంది. వేగం కోసం దాన్ని సులభంగా తెరుచుకునేలా చేస్తే, మూసిన కుళాయి కారినట్లు కరెంటు కారుతుంది. చిప్ వేడెక్కేకొద్దీ ఆ కారడం కూడా ఎక్కువవుతుంది. కాబట్టి తయారీదారు మీద భారమంతా వేసి కూర్చోవడానికి లేదు. గదులను ఎలా నింపాలో నిర్ణయించేవాడు చేయవలసింది చాలా ఉంది. నా అసలు వాదన ఇక్కడే మొదలవుతుంది.

కాగితం తీసుకుని 0 నుంచి 7 వరకు ద్విసంఖ్యామానంలో రాయండి: 000, 001, 010, 011, 100, 101, 110, 111. ఆ తరువాత మళ్ళీ 000. ఒక్కొక్క మెట్టులో ఎన్ని అంకెలు మారాయో లెక్కపెట్టండి. 011 నుంచి 100కి వెళ్ళేటప్పుడు మూడూ మారతాయి. మొత్తం 14 మార్పులు. ఇప్పుడు ఇదే లెక్కింపును ఇలా రాయండి: 000, 001, 011, 010, 110, 111, 101, 100, మళ్ళీ 000. ప్రతి మెట్టులోనూ ఒక్క అంకే మారింది. మొత్తం 8. దీనిని గ్రే కోడ్ అంటారు. బెల్ ప్రయోగశాలల్లో పనిచేసిన ఫ్రాంక్ గ్రే పేరు మీద వచ్చింది. రెండు లెక్కింపులూ ఎనిమిది మెట్లనూ తప్పు లేకుండా గుర్తిస్తాయి, పరీక్షలో రెంటికీ ఒకే మార్కు. బిందెలు నింపేవాడికి మాత్రం రెండూ ఒకటి కావు.

గ్రే కోడ్ అన్నిచోట్లా మేలని నేను అనడం లేదు. దాన్ని మళ్ళీ మామూలు సంఖ్యగా మార్చవలసి వస్తే, ఆ మార్చే ద్వారాలు కూడా శక్తిని తింటాయి. మిగిలింది కాస్తా అక్కడ పోవచ్చు. లెక్క వేసి చూడాలి. వేయకుండా ఊహించేవాడిని నేను నమ్మను.

ఇంతకంటే పెద్ద దుబారా మరొకటి ఉంది. చిప్‌లో ఒక మూల రెండు సంఖ్యలను గుణించే భాగం ఉందనుకోండి. ఆ లబ్ధం పది క్షణాలకు ఒకసారే కావాలి. కాని ఇన్‌పుట్ తీగల మీద సంఖ్యలు ఎడతెరిపి లేకుండా మారుతుంటే పాపం అది గుణిస్తూనే ఉంటుంది. ఖాళీ తరగతి గదిలో ఒక కుర్రవాడు బోర్డు మీద లెక్కలు చేసి, చెరిపి, మళ్ళీ చేస్తున్నట్లు. జవాబు చదివేవాడు లేడు, సుద్ద మాత్రం అరిగిపోతోంది. అవసరం లేనప్పుడు ఆ ఇన్‌పుట్లను కదలకుండా పట్టి ఉంచితే చాలు, గుణకారం ఆగిపోతుంది. అలాగే చిప్ అంతటికీ తాళం వేసే క్లాక్ సంకేతం ప్రతి దెబ్బకూ మారుతుంది. పనిలేని భాగానికి దాన్ని అందకుండా ఆపవచ్చు. అలాగని క్లాక్ తీగకు ఎక్కడపడితే అక్కడ ఒక ద్వారం అడ్డం పెట్టకూడదు. దొంగ స్పందనలు పుట్టి సర్క్యూట్ తప్పు చెబుతుంది. అందుకోసం చిప్‌లోనే ఏర్పాట్లు ఉంటాయి, వాటినే వాడాలి.

తీగల సంగతి కూడా ఒక్కమాట. 2002లో ఒక రకం ఎఫ్‌పిజిఎను పరిశీలించినవారు మార్పుల ఖర్చులో సుమారు 60 శాతం గదుల మధ్య తీగల్లోనే పోతున్నదని గమనించారు. గదులది అందులో చిన్న వాటా. అంటే తరచుగా మాట్లాడుకునే గదులను పక్కపక్కన పెట్టడం కూడా పొదుపే. వంటింటికి నూతిని దూరంగా తవ్వుకున్నవారికి ఈ విషయం చెప్పనక్కరలేదు.

ఈ పనులలో చాలావాటిని ఈనాడు సాఫ్ట్‌వేరే చేసిపెడుతుంది, పిల్లలకు ఈ బరువెందుకని కొందరు ఉపాధ్యాయ మిత్రులు అనవచ్చు. తీగలను దగ్గరగా అమర్చడం సాఫ్ట్‌వేర్ చేస్తుంది, నిజమే. కాని పది క్షణాలకు ఒకసారే ఆ లబ్ధం కావాలన్న సంగతి దానికి ఎవరు చెప్పాలి? పని తెలిసినవాడే చెప్పాలి. ఇక బరువంటారా, పై లెక్కకు కూడిక వస్తే చాలు. అందుకే సర్క్యూట్ ప్రశ్నకు అయిదు మార్కులుంటే నాలుగు సరైన జవాబుకు, ఒకటి మార్పుల లెక్కకు ఇవ్వాలంటాను. మూడు అంకెల లెక్కింపులో 14కు 8 వచ్చింది. నాలుగు అంకెలతో 0 నుంచి 15 వరకు వెళ్ళి తిరిగి 0కి వస్తే 30కి 16. అయిదు అంకెలకు ఎంతో మీరు వేసి, మీ మాస్టారికి చూపించి ఆ అయిదో మార్కు అడగండి.