లెక్క ఎగ్గొట్టిన చిప్పు చదువు

2024 డిసెంబరు 30 రాత్రి శ్రీహరికోట నుంచి లేచిన పీఎస్ఎల్వీ-సీ60లో విక్రమ్ 3201 ప్రాసెసర్ వెళ్లింది. చండీగఢ్ పక్కనే మొహాలీలో తయారైన చిప్పు. శ్రీహరికోట రాకెట్టు లేస్తే మా వాకాడు మిద్దెలన్నీ జనమే. చప్పట్లు కొడతాం, మంచిదే. చిప్పులో తీగల సంగతి అడిగితే మాత్రం ఈసీఈ పట్టా ఉన్న పిల్లలు నోరు వెళ్లబెడతారు. తప్పు వాళ్లది కాదు.

ఆ సన్నటి లోహపు తీగలు ఉత్త తీగలు కావు. ప్రతి ముక్కకూ కొంత రెసిస్టెన్సు, పక్క తీగతో కొంత కెపాసిటెన్సు. అన్నీ లెక్కలోకి తీసుకుంటే పెద్ద చిప్పులో కోట్లకొద్దీ తేలతాయి. 1973లో బర్కిలీలో పుట్టిన సర్క్యూట్ సిమ్యులేటర్ స్పైస్ వాటిని ఉన్నవున్నట్టు మింగలేదు. అందుకే మోడల్ ఆర్డర్ రిడక్షన్: వేల సమీకరణాల వలను, కొసల దగ్గర దాని నడవడి చెడకుండా, పదీ ఇరవైకి కుదించడం.

కుదించడం ఎవడైనా కుదిస్తాడు. ఏం పారేశాడో తెలియాలి కదా! 1990లో పిలేజ్, రోరర్ తెచ్చిన అసింప్టోటిక్ వేవ్‌ఫామ్ ఎవాల్యుయేషన్ (ఏడబ్ల్యూఈ) భలే వేగం. కానీ ఒకే మ్యాట్రిక్స్‌తో గుణిస్తూ పోతే వెక్టర్లన్నీ ఒకే దిక్కుకు ఒరుగుతాయి, కొన్ని పోల్స్ దాటగానే అంకెలు చెత్త. 1995లో ఫెల్డ్‌మన్, ఫ్రాయిండ్ లాంచోస్ పద్ధతితో ఆ జబ్బు కుదిర్చారు. ఇంకో జబ్బు మిగిలింది. శక్తిని ఖర్చుపెట్టడమే తప్ప పుట్టించలేని వలను కుదిస్తే, వచ్చిన మోడల్ శక్తిని తానే పుట్టించవచ్చు, గల్లాపెట్టెలో రాత్రికి రాత్రి డబ్బు మొలిచినట్టు! ఆ మోడల్ విడిగా చూస్తే బుద్ధిమంతురాలే. మరో సర్క్యూట్‌కు కలిపితే కొంప ముంచుతుంది. దానికి మందు 1998లో వచ్చిన ప్రైమా. ఒకే ప్రొజెక్షన్ మ్యాట్రిక్స్‌ను రెండువైపులా వాడి, అసలు వల గుణాన్ని కుదించినదానికీ దించుతుంది. ఈ లెక్కల్లో వాడే క్రిలోవ్ సబ్‌స్పేస్‌కు పేరిచ్చిన క్రిలోవ్ రష్యన్ నౌకా ఇంజనీరు, ఓడల ఊగులాట లెక్కగట్టినవాడు. సముద్రం ఒడ్డున పుట్టిన మన పిల్లలకు ఆయన పేరు చెప్పేవాడు లేడు.

ఇంజనీరింగ్ మొదటేడు మూడు వరసల మ్యాట్రిక్స్‌కు ఐజెన్ వాల్యూలు కట్టిస్తారు. పరీక్షతో సరి. ఆ తర్వాత హైదరాబాదులో కోచింగ్, డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎప్పుడు నొక్కాలో నేర్పడం. దీన్ని వీఎల్ఎస్ఐ చదువంటారట! ఏ ఒక్క కాలేజీనో అనడం లేదు, రాష్ట్రమంతా ఇదే వరస. 2025 ఆగస్టులో కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు చిప్ ప్యాకేజింగ్ యూనిట్ మంజూరు చేసింది. శంకుస్థాపన ఉపన్యాసాలకు మనవాళ్లెప్పుడూ సిద్ధమే.

ల్యాబుకు కోట్లు లేవని సాకు చెప్పకండి. ఎన్‌జీస్పైస్, ఆక్టేవ్ సాఫ్ట్‌వేర్లు ఉచితం. ప్రైమా గుండెకాయ ఒక్క పేజీ కోడు. సిలబస్ రాసే పెద్దలారా, చివరేడు పిల్లల చేత అది చేత్తో రాయించండి. వైవాలో ఒక్క ప్రశ్న వెయ్యండి: ఈ కుదించిన మోడల్ శక్తిని పుట్టించదని నీకెలా తెలుసు? అడిగే ముందు జవాబు మీరూ నేర్చుకోండి.