పొలము పనియు ప్రసూతి విశ్రాంతియు

2025 నవంబరు 21వ తేదీని నాలుగు లేబరు కోడులు అమలులోనికి వచ్చినవి. సాలుసరి సెలవునకు పూర్వము 240 దినములు పనిచేయవలసియుండగా నిప్పుడు 180 దినములు చాలును. 2017 సవరణముచే మొదటి యిరువురు బిడ్డలకు 12 వారములనుండి 26 వారములకు పెరిగిన ప్రసూతి సెలవు నిలిచియున్నది. ఆ సెలవులో నున్న స్త్రీని పనినుండి తొలగింపరాదు. ఏబదిమంది పనిచేయు చోట శిశుశాల యుండవలెను. ఇవి యన్నియు హర్షింపదగినవే.

కాని చర్ల ప్రాంతమున నీ చట్టము ఎవరిని చేరును? సారపాక కాగితపు కర్మాగారమున పనిచేయు స్త్రీని చేరును; కొత్తగూడెము బొగ్గుగనులలోని స్త్రీని చేరును. తాలిపేరు ఆయకట్టున నాట్లువేయు స్త్రీని చేరదు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాటివచ్చి మన మిరపచేలలో కాయ కోయు ఆదివాసి స్త్రీని చేరదు. చట్టము కర్మాగారములను, గనులను, తేయాకు కాఫీ తోటలను, పదిమంది పనిచేయు అంగళ్లను పేర్కొన్నదే కాని పొలమును పేర్కొనలేదు. నెలలు నిండిన దేహమునకు ఈ భేదము తెలియునా?

దినకూలికి సెలవేమి యని కొందరందురు. ఢిల్లీ నగరపాలక సంస్థయు నట్లే వాదించినది. మస్తరు చిట్టాలోని స్త్రీయు ప్రసూతి హక్కునకు అర్హురాలేయని 2000 సంవత్సరమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది.

రైతు చెప్పుకొను కష్టమును గలదు. పండిన కాయ చెట్టున నిలువదు. ధర పడిన యేట కోతకూలియే గిట్టదు. ఇట్టివాడు 26 వారముల కూలి యెట్లు చెల్లించును? ఈ మాట త్రోసివేయదగినది కాదు. ప్రసూతి వ్యయము ఒక్కొక్క యజమానిపై విడిగా పడరాదని 1952 నాటి అంతర్జాతీయ కార్మిక ఒడంబడిక చెప్పుచున్నది. మన దేశమున 1948 నాటి ఉద్యోగుల రాజ్యబీమా చట్టము ఉమ్మడి నిధి మార్గమునే చూపినది. ఖమ్మము యార్డులో మిరపకాయపై వసూలగు మార్కెట్టు రుసుములో నొక భాగమును ఇట్టి నిధికై ప్రత్యేకింపుడని రైతులే ప్రభుత్వము నడుగవలెను. అప్పుడు భారము పంటపై పడును గాని పేదరైతుపై పడదు.

నిధితో నిమిత్తములేని పనులును గలవు. ఆరేండ్లలోపు బిడ్డలు అయిదుగురున్నచో వారిని చూచుట కొక స్త్రీని నియమించి కూలి యీయవలెనని 2005 నాటి గ్రామీణోపాధి చట్టము విధించినది. చేనిగట్టున నీడ, త్రాగునీరు, బిడ్డలను కనిపెట్టుకొని యుండు నొక ముదుసలి, బాలింత తిరిగివచ్చువరకు ఆమె పని ఆమెకే యుంచుట: వీనికి గొప్ప వ్యయమేమున్నది?

వచ్చు కోతలకు మేస్త్రీతో బేరము కుదుర్చుకొను భూస్వాములు కూలిరేటుతోపాటు ఈ నాలుగు మాటలను కూడ నిర్ణయించుకొందురు గాక. చట్టము పొలమునకు వచ్చుటకు ముందే పెద్దరైతులు దానిని పాటించుట వారి పెద్దరికమునకు తగినది.