మహా నౌకలకు విద్యుత్తే ఊపిరి

విశాఖపట్నం రేవులో 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ విహార నౌకల టెర్మినల్ ప్రారంభమయింది. మరుసటి సంవత్సరం సెప్టెంబరు 30న కేంద్ర ప్రభుత్వం ముంబయిలో ‘క్రూజ్ భారత్ మిషన్’ను ప్రారంభించి, 2029 నాటికి విహార నౌకల ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేయాలని లక్ష్యంగా పెట్టుకున్నది. వేలాది మందిని మోసుకు రాగల ఓడలకు మన రేవులు స్వాగతం పలుకుతున్న తరుణంలో, అవి ఏ శక్తితో నడుస్తాయి, ఆ శక్తి హఠాత్తుగా ఆగిపోతే పరిస్థితి ఏమిటి అన్న ప్రశ్నలు ప్రాధాన్యం సంతరించుకున్నాయి.

భారీ సరకు ఓడలలో సాధారణంగా ఒకే పెద్ద డీజిల్ ఇంజను నేరుగా ప్రొపెల్లరును తిప్పుతుంది. పెద్ద విహార నౌకల పద్ధతి వేరు. అవి నీటిపై తేలే విద్యుత్కేంద్రాల వంటివి. నాలుగో ఆరో డీజిల్ ఇంజన్లు జనరేటర్లను నడుపుతాయి. అందులో కొంత విద్యుత్తు గదులకు, వంటశాలలకు, ఎయిర్ కండిషనింగుకు పోగా, అధిక భాగం ప్రొపెల్లర్లను తిప్పే మోటార్లకు అందుతుంది. వేగం తగ్గినపుడు కొన్ని ఇంజన్లను ఆపి ఇంధనం ఆదా చేయవచ్చు. ఒకటి మరమ్మతులో ఉన్నా ప్రయాణం ఆగదు. 1969లో ఆవిరి టర్బైన్లతో సేవలు ప్రారంభించిన ‘క్వీన్ ఎలిజబెత్-2’ నౌకకు 1986-87లో వాటిని తొలగించి తొమ్మిది డీజిల్ ఇంజన్ల విద్యుత్ వ్యవస్థను అమర్చడం ఈ మార్పునకు నిదర్శనం.

నౌకను మళ్లించే విధానమూ మారింది. చుక్కానికి ఎదురుగా నీరు వేగంగా ప్రవహించినపుడే అది పనిచేస్తుంది. రేవులో నెమ్మదిగా కదిలేటపుడు దాని పట్టు సడలుతుంది. ఈ లోపాన్ని అధిగమించేందుకు మోటారును, ప్రొపెల్లరును ఒకే తొట్టెలో బిగించి ఓడ అడుగున వేలాడదీసే పద్ధతి వచ్చింది. ‘పాడ్’ అని పిలిచే ఈ తొట్టె 360 డిగ్రీలూ తిరుగుతుంది కనుక చుక్కానితో పని లేదు. విహార నౌకలలో దీనిని తొలిసారిగా 1998లో ‘ఎలేషన్’లో వాడారు. 2024లో ప్రయాణాలు ప్రారంభించిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’కు 20 మెగావాట్ల చొప్పున మూడు పాడ్‌లు ఉన్నాయి. ముందు భాగంలో అడ్డంగా అమర్చిన థ్రస్టర్లు ఓడను పక్కకు జరుపుతాయి.

అయితే ఈ సౌలభ్యంలోనే బలహీనత కూడా ఉన్నది. విద్యుత్తు ఆగితే వేగమూ, దిశపై అదుపూ రెండూ పోతాయి. 2019 మార్చి 23న నార్వే తీరంలో ‘వైకింగ్ స్కై’ నౌకకు ఎదురైనది ఇదే. అందులో 1,373 మంది ఉన్నారు. నాలుగు జనరేటర్లలో ఒకటి అప్పటికే చెడిపోయి ఉన్నది. తుపానులో ఓడ తీవ్రంగా ఊగడంతో, నూనె మట్టం తక్కువగా ఉన్న తొట్లలో నుంచి పంపులకు కందెన అందక మిగిలిన మూడూ నిలిచిపోయాయి. నౌక తీరం వైపు కొట్టుకుపోయి, దాదాపు తన పొడవంత దూరంలో ప్రమాదం నుంచి బయటపడింది. నాలుగు వందల మందికి పైగా ప్రయాణికులను హెలికాప్టర్లలో తరలించవలసి వచ్చింది. కారణం మహా విపత్తేమీ కాదు, తొట్టెలో తగ్గిన నూనె మాత్రమేనన్నది గమనార్హం.

ఒక ఇంజను గదిలో మంటలు చెలరేగినా, నీరు చేరినా నౌక స్వశక్తితో రేవు చేరగలగాలన్న అంతర్జాతీయ నిబంధన 2010 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. 120 మీటర్లు, అంతకు మించి పొడవున్న కొత్త ప్రయాణికుల నౌకలకు ఇది వర్తిస్తుంది. అంతకు ముందు నిర్మించిన వాటికి వర్తించదు. భారత తీరంలో 2022లో విశాఖకు వచ్చిన ‘ఎంప్రెస్’ 1990లో నిర్మితమైనదే. పాతదైనంత మాత్రాన ఓడ ప్రమాదకరమని చెప్పడానికి వీలులేదు. కానీ పాత నౌకల విషయంలో తనిఖీల పైనా, సిబ్బంది శిక్షణ పైనా ఆధారపడవలసింది అధికమవుతుంది.

మరో అంశమూ ఉన్నది. లంగరు వేసిన తరువాత కూడా ప్రయాణికుల అవసరాల కోసం జనరేటర్లు నడుస్తూనే ఉంటాయి. విశాఖ వలె నగరాన్ని ఆనుకుని ఉన్న రేవులలో ఆ పొగ ప్రజలపైకే వస్తుంది. ఒడ్డు నుంచి విద్యుత్తు అందించడమే దీనికి పరిష్కారం.

టెర్మినల్ భవనాలతోనే విహార నౌకాయానం అభివృద్ధి కాదు. శక్తిమంతమైన టగ్గులు, గాలింపు హెలికాప్టర్లు, పకడ్బందీ తనిఖీలు కూడా అందులో భాగమే. ప్రయాణికుల లక్ష్యంతో పాటు వీటికీ గడువులు నిర్ణయించినపుడే ఆ లక్ష్యానికి అర్థముంటుంది.