మందు మీద మందు కలిపే ముందు

పోయిన ఎడగారులో మా బావ కాలవలో దిగి తూము సరిచేస్తుంటే అరికాల్లో ఆలిచిప్ప కోసుకుంది. ఆయనకు షుగరు. ఊళ్లో సూది వేయించుకున్నాడు. రెండు రోజులకు తగ్గలేదని మందు మార్చారు, ఇంకో రెండు రోజులకు మళ్లీ మార్చారు, ఆ తర్వాత రెండు మందులు కలిపి ఇచ్చారు. పది రోజులు తిరిగేసరికి పాదం నల్లబడి జ్వరం కమ్ముకొచ్చింది. అక్కణ్ణించి నెల్లూరు, అక్కణ్ణించి మద్రాసు.

మద్రాసు ఆసుపత్రిలో నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. పుండులోంచి తీసిన చీము మీద చేసిన పరీక్ష అది. సూక్ష్మజీవి పేరు క్లెబ్సియెల్లా. దాని కింద వరసగా మందుల పేర్లు, ఒక్కోదాని పక్కన ఒక అక్షరం. 'ఎస్' ఉంటే మందు పనిచేస్తుంది, 'ఆర్' ఉంటే పనిచేయదు. పైనుంచి కిందదాకా ఆర్, ఆర్, ఆర్. అందులో ఒక పేరు దగ్గర నా చూపు ఆగిపోయింది. టెట్రాసైక్లిన్. ఈ పేరు నేను చాలాసార్లు చదివాను. ఆసుపత్రిలో కాదు, మా కొట్టంలో, వరికి కొట్టే పొడి పొట్లం మీద.

రైతు సోదరులకు ఈ పొట్లం గురించి చెప్పక్కర్లేదు. ఆకు అంచులు ఎండుకుంటూ వస్తే అంగడికి పోయి స్ట్రెప్టోసైక్లిన్ అడుగుతాం. అందులో 90 పాళ్లు స్ట్రెప్టోమైసిన్, 10 పాళ్లు టెట్రాసైక్లిన్. రెండూ మనుషుల మందులే. స్ట్రెప్టోమైసిన్ క్షయకు వచ్చిన మొట్టమొదటి మందు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో బయటపడినప్పుడు అక్కడ పరిశోధన నడిపిస్తున్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1948లో ఆ మందు బజారుకొచ్చింది, అదే ఏడాది ఆయన పోయారు. అంటే ఆసుపత్రుల్లో కలిపి పరీక్షలు చేస్తున్న యాంటీబయాటిక్ జోడీలాంటిదే ఒకటి మనం పంపులో పోసి కయ్యల మీద చల్లుతూ వచ్చాం. దాన్ని మందు అనుకున్నామేగానీ యాంటీబయాటిక్ అని ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు.

మా బావ కాలికి పట్టిన జీవి నా పొలంలో పుట్టిందని నేననను. దాన్ని ఎవరూ రుజువు చేయలేరు. కానీ ఈ సూక్ష్మజీవులు మందును తట్టుకునే గుణాన్ని ఒకదానికొకటి చేతికిచ్చినట్టు అందించుకుంటాయి. పొలంలో ఉండే జీవి పేగులో ఉండే జీవికి ఇవ్వగలదు. 2015లో చైనాలో ఇది కళ్లకు కట్టినట్టు తేలింది. కొలిస్టిన్ అనే మందును పందుల మేతలో కలుపుతుంటే, దాన్ని తట్టుకునే జన్యువు పందుల్లోనూ, అంగట్లో మాంసంలోనూ, ఆసుపత్రిలో రోగుల్లోనూ దొరికింది. కొలిస్టిన్ అంటే ఏ మందూ పనిచేయనప్పుడు డాక్టర్లు చివరగా తీసేది. మూత్రపిండాలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు పక్కన పెట్టేసిన పాత మందు అది. వేరే గతిలేక మళ్లీ బయటికి తీశారు. మన దేశంలో దాన్ని కోళ్లకు, పశువులకు, చేపలు రొయ్యలకు వాడకూడదని 2019 జూలైలో నిషేధించారు.

మద్రాసులో డాక్టరమ్మను నేనొక మాట అడిగాను. "ఒక్కటి పనిచేయకపోతే రెండు మూడు కలిపి కొట్టండమ్మా, మేం పురుక్కు అట్టే కొడతాం గదా" అని. ఆమె నవ్వలేదు. "కలిపితే పనిచేస్తుందో లేదో ముందు ల్యాబులో చూడాలి, రేపు చెబుతా" అంది. బావ జీవిలో ఉన్నది ఎన్‌డీఎం అనే రకం, అది చాలా మందుల్ని కత్తిరించి పారేస్తుందట. అజ్ట్రియోనామ్ అనే మందును మాత్రం కత్తిరించలేదు. కానీ అదే జీవి దగ్గర ఇంకో కత్తి కూడా ఉంటుంది, అది అజ్ట్రియోనామ్‌ను కత్తిరిస్తుంది. ఆ రెండో కత్తిని పట్టుకుని ఆపేది అవిబాక్టామ్. అందుకని రెండు మందుల బిళ్లల్ని ఒకే పళ్లెంలో పక్కపక్కన పెట్టి, మధ్యలో జీవి చస్తుందో లేదో రాత్రంతా ఉంచి చూస్తారు. ఒకడు కావలి కాస్తే ఇంకొకడు పని చేసుకున్నట్టు. మా అదృష్టం, ఆ పళ్లెంలో జీవి చచ్చింది.

అట్లాగని కలిపిందల్లా పనిచేయదు. ఇజ్రాయెల్, గ్రీసు, ఇటలీ ఆసుపత్రుల్లో 406 మంది రోగుల మీద పరీక్ష చేసి 2018లో ఫలితం చెప్పారు. కొలిస్టిన్ ఒక్కటే ఇచ్చినవాళ్లకూ, దానికి మెరోపెనెం కలిపి ఇచ్చినవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకుముందు చాలామంది డాక్టర్లు కలిపితే మేలనే నమ్మకంతో ఇస్తూ వచ్చినదే అది. పెద్ద చదువులు చదివినవాళ్ల నమ్మకం కూడా పరీక్షకు నిలబడకపోవచ్చు. మరి అంగడివాడు "ఇది, అది కలిపి కొట్టు రెడ్డీ" అంటే తలూపే మన సంగతేంది?

కలపడం ఎక్కడ నెగ్గిందో కూడా చెప్పాలి. బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ మీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితం 1948లో వచ్చింది. మందు ఇచ్చిన 55 మందిలో ఆరు నెలలకు చనిపోయింది నలుగురు, ఇవ్వని 52 మందిలో 14 మంది. అందరూ గెలిచామనుకున్నారు. కానీ నెలలు తిరిగేసరికి క్షయ జీవి మందుకు అలవాటు పడింది. అప్పుడు పాస్ అనే ఇంకో మందు కలిపి ఇచ్చి చూస్తే ఆ అలవాటు పడటం బాగా తగ్గింది. ఆ దారినే మన పక్కన మద్రాసులో 1956లో క్షయ మందుల పరిశోధన కేంద్రం పెట్టి, రోగుల్ని శానిటోరియంలో ఉంచకుండా ఇంట్లోనే ఉంచి రెండు మందులతో నయం చేయొచ్చని ప్రపంచానికి చూపించారు. అక్కడ కలిపినవి లెక్కగా కలిపారు, మోతాదు తప్పకుండా ఏడాది పాటు ఇచ్చారు. మనం పొట్లం చించి సగం ఈరోజు, సగం ఎప్పుడో కొడతాం. జీవికి అలవాటు చేయాలంటే ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

అసలు ఆకు ఎండినప్పుడల్లా అది బ్యాక్టీరియా తెగులేనా? ఉప్పునీటికి ఎండొచ్చు, పొటాష్ తక్కువై ఎండొచ్చు. దీనికి ల్యాబు అక్కర్లేదు. ఎండిన చోటికీ పచ్చగా ఉన్న చోటికీ మధ్యలో ఆకును కోసి, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి కోసిన అంచును ముంచండి. కాసేపటికి అంచునుంచి పాలలాంటి తెల్లటి జిగురు దిగితే బ్యాక్టీరియా. దిగకపోతే ఆ పొట్లం మీద పెట్టే డబ్బు నీళ్లపాలే. ఈ పరీక్ష నేను 30 ఏళ్ల సేద్యంలో పోయిన ఏడాదే మొదటిసారి చేశానని చెప్పడానికి సిగ్గుగా ఉంది. మూడు కయ్యల్లో చేస్తే ఒక్కదాంట్లోనే జిగురు దిగింది.

దిగినా చేయాల్సింది ముందు పొట్లం కొనడం కాదు. యూరియా ఆపాలి. కయ్యలో నీళ్లు తీసేసి ఆరగట్టాలి. పై కయ్య నీళ్లు కింది కయ్యకు పారకుండా చూసుకోవాలి. మళ్లీ ఏడు విత్తనం మార్చాలి. మనవాళ్లు ప్రాణంగా చూసుకునే బీపీటీ 5204కు ఈ తెగులంటే పడదు. దాంట్లోకే తెగులును తట్టుకునే మూడు జన్యువులు చేర్చి హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అని 2008లో విడుదల చేశాయి. ఒక జన్యువును జీవి దాటినా ఇంకో రెండు అడ్డం ఉంటాయి. కలపడమంటే అదీ. పంపులో కాదు, విత్తనంలో కలిపారు. గింజ అదే సన్నం, అన్నం అదే రుచి. విడుదలై ఇన్నేళ్లయినా అది ప్రతి ఊరి విత్తనాల అంగట్లో ఎందుకు దొరకడంలేదని అడగాల్సింది మన సంఘమే.

ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటలున్న సోదరులకు ఒక మాట. తెల్లమచ్చ వైరస్, ఈహెచ్‌పీ ఒక రకం శిలీంధ్రం లాంటిది. రెండింటికీ యాంటీబయాటిక్ ఏమీ చేయదు. గుంటలో కుమ్మరిస్తే పోయేది మన డబ్బు, ఆపైన సరుకు. 2016లో యూరప్ దేశాలు మన దేశం నుంచి పోయే రొయ్యల్లో తనిఖీ చేసే వంతును 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది ఈ మందుల అవశేషాల వల్లనే. కౌంటు ధర పడితే దెబ్బ తినేది ఎగుమతిదారుడు కాదు, గుంట కాడ కాపలా పడుకునేవాడు.

"అన్నీ మా మీదే వేస్తారేం" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమే. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఫ్యాక్టరీ మురుగులో యాంటీబయాటిక్ ఇంతకు మించకూడదని కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు అందులో లేవు. వరిమీద స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ వాడకం 2024 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపాలని మాత్రం 2021 డిసెంబరులో ముసాయిదా రాశారు. రైతు పొట్లానికి తేదీ పెట్టిన చేత్తోనే ఫ్యాక్టరీ గొట్టానికి హద్దు పెట్టలేకపోయారా? ఈ ప్రశ్న గట్టిగా అడగాలి. అయితే పొట్లం చేతిలో పట్టుకుని అడిగితే మన మాట చెల్లదు.

వచ్చే నెల మండల మహాసభలో నేను పెట్టబోయే తీర్మానం ఇది. రైతు సేవా కేంద్రంలో గ్లాసునీళ్ల పరీక్ష చేసి చూపించకుండా ఎవరూ తెగులు మందు రాయకూడదు. తెగులు తట్టుకునే విత్తనం నారుమళ్లకు ముందే మండలానికి చేరాలి. కోళ్ల, రొయ్యల మేత బస్తా మీద అందులో కలిపిన మందుల పేర్లు తెలుగులో అచ్చెయ్యాలి. పుండుతో వచ్చిన ప్రతి షుగరు రోగికీ సూదులు మార్చి మార్చి వేసే ముందే కల్చర్ పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా జరగాలి. మా బావకు ఆ పరీక్ష మొదటి రోజే జరిగుంటే మూడు వేళ్లు పోయేవి కావేమో, కాలవ కింద ఎకరం అమ్మే పని ఉండేది కాదేమో.

ఆయన ఇప్పుడు చేతికర్ర పట్టుకుని గెనిమ మీద నడుస్తున్నాడు. చెప్పులు లేకుండా మాత్రం దిగడంలేదు. కొట్టంలో మిగిలిన రెండు పొట్లాలను వ్యవసాయ అధికారికి అప్పజెప్పి రసీదు అడిగాను. అట్లాంటి రసీదు లేదన్నారు. మహాసభకు వచ్చేటప్పుడు మీ కొట్టాల్లో ఉన్నవి కూడా తీసుకురండి, అందరివీ ఒక్కసారే ఇద్దాం.