ఓర్క్ పిల్లలు ఏం పాపం చేశారు?

వైకుంఠపాళిలో మంచీచెడుల గొడవే లేదు. నిచ్చెన ఎక్కితే పుణ్యం, పాము నోట్లో పడితే పాపం. ఏది ఏ గడిలో ఉందో పటం మీద ముందే గీసి ఉంటుంది. పందెం పడ్డట్టు కాయ జరపడమే తప్ప ఆడేవాడు ఆలోచించాల్సిందేమీ లేదు.

అలా కాకుండా, ప్రతి గడి దగ్గరా ఆపి 'ఇప్పుడు నువ్వేం చేస్తావు?' అని అడిగితే? చేసిన పనిని బట్టి అది పామో నిచ్చెనో అక్కడికక్కడే తేల్చాల్సి వస్తే? అమెరికాలో పుట్టిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అలాంటి ఆటే. మంచి అంటే ఏమిటి, చెడు అంటే ఏమిటి అన్న ప్రశ్నతో అది యాభై ఏళ్లుగా కుస్తీ పడుతోంది.

బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు. ఆయన్ని 'డంజన్ మాస్టర్' అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. వీరుడు, మాంత్రికుడు, దొంగ, పూజారి... ఇలా. 'మీ ముందు చీకటి గుహ. లోపలి నుంచి ఏవో అరుపులు' అంటాడు మాస్టర్. ఏం చేస్తారో పాత్రధారులు చెబుతారు. ఆ పని నెరవేరిందో లేదో పాచికలు తేలుస్తాయి. ఒక్కో కథ నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగుతుంది.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో ఈ ఆటను తెచ్చారు. మొదట అచ్చు వేసింది వెయ్యి ప్రతులే. ప్రతి ఆటగాడి చేతిలో ఒక కాగితం ఉంటుంది. పాత్ర బలమెంత, తెలివెంత అన్న లెక్కలన్నీ అందులో రాసుకోవాలి. వాటి పక్కనే 'అలైన్‌మెంట్' అని ఇంకో గడి. అంటే, నీ పాత్ర ఏ పక్షం?

తొమ్మిది గళ్ల లోకం

తొలి పుస్తకంలో మూడే పక్షాలు. కట్టుబాటు, తటస్థం, గందరగోళం. పోల్ ఆండర్సన్, మైకేల్ మూర్‌కాక్ లాంటి రచయితల అద్భుత నవలల ప్రభావం అది. కట్టుబాటు అంటే మంచి, గందరగోళం అంటే చెడు అని చాలామంది అర్థం చేసుకున్నారు. రెండూ ఒకటి కావని గైగాక్స్ 1976లో ఒక వ్యాసం రాశాడు. 1978 నాటి ఆటగాళ్ల పుస్తకంలో అదే తొమ్మిది గళ్ల పట్టిక అయింది.

అడ్డంగా మూడు, నిలువుగా మూడు. ఒక వరస మనసుకు సంబంధించింది: మంచి, తటస్థం, చెడు. రెండోది నడతకు సంబంధించింది: కట్టుబాటు, తటస్థం, ఇష్టారాజ్యం. మాట తప్పని, చట్టం మీరని న్యాయమూర్తిది మంచి-కట్టుబాటు గడి. పెద్దలను దోచి పేదలకు పంచే రాబిన్‌హుడ్ కూడా మంచివాడే, కానీ ఇష్టారాజ్యం. మరి చెడు-కట్టుబాటు? ప్రామిసరీ నోటు, సాక్షి సంతకాలు అన్నీ పక్కాగా పెట్టుకుని, ఒక్క చట్టమూ మీరకుండా పేదరైతు పొలం కాజేసే వడ్డీ వ్యాపారిని తలచుకోండి. చట్టం వేరు, మంచితనం వేరు అని పన్నెండేళ్ల పిల్లాడికి కూడా అర్థమయ్యేలా చెప్పింది ఈ పట్టిక. అందుకే ఆట ముఖం చూడనివాళ్లు కూడా సినిమా పాత్రలను ఈ గళ్లలో సర్ది సరదాపడుతుంటారు.

గుహలో పిల్లలు

ఆటగాడు తన గడిని తానే ఎంచుకుంటాడు. బాగానే ఉంది. మరి ఎదురుపడే శత్రువుల సంగతి? వాళ్ల గడిని పుస్తకమే నింపేసింది. 1977లో వచ్చిన 'మాన్‌స్టర్ మాన్యువల్'లో ఒక్కో జీవికి బలం, ఆయుధాలతో పాటు అలైన్‌మెంట్ కూడా అచ్చయింది. టోల్కీన్ నవలల నుంచి వచ్చిన ఓర్క్ అనే వికృత జాతికి పడిన ముద్ర 'చెడు'. జాతి మొత్తానికీ ఒకటే ముద్ర. ఇక వాళ్లను చంపితే పాపమేముంది?

అక్కడే వచ్చింది చిక్కు. 1979లో గైగాక్స్ స్వయంగా రాసిన 'ది కీప్ ఆన్ ద బార్డర్‌ల్యాండ్స్' సాహసకథతోనే చాలామంది ఈ ఆట నేర్చుకున్నారు. అందులోని గుహల్లో ఓర్క్ యోధులతో పాటు, పోరాడని ఆడవాళ్లు, పిల్లలు కూడా ఉన్నారు. యోధులు చచ్చాక ఆ పిల్లలను ఏం చేయాలి?

ఈ ప్రశ్న దగ్గర అందరికన్నా ఎక్కువ ఇరుక్కునేవాడు 'పాలడిన్'. ధర్మవీరుడన్నమాట. పాత నిబంధనల ప్రకారం అతను మంచి-కట్టుబాటు గడి దాటకూడదు. తెలిసి చెడ్డపని చేస్తే శక్తులన్నీ పోతాయి. పిల్లలను చంపితే పాపం. వదిలేస్తే రేపు పెరిగి ఊళ్ల మీద పడతారేమో! పోనీ, తీసుకెళ్లి పెంచాలా? ఈ సందేహం మీద ఎన్ని బల్లల దగ్గర ఆట ఆగిపోయిందో, స్నేహితులు ఎన్ని రాత్రులు వాదించుకున్నారో లెక్కలేదు.

2005లో అభిమానులతో ఇదే చర్చ వచ్చినప్పుడు గైగాక్స్ జవాబు చాలామందిని ఉలిక్కిపడేలా చేసింది. ఈపులే రేపు పేలవుతాయన్న పాత మాటను ఆయన సమర్థించాడు. చివింగ్టన్ పేరునూ ప్రస్తావించాడు. ఎవరీ చివింగ్టన్? 1864 నవంబరు 29న కొలరాడోలోని శాండ్ క్రీక్ దగ్గర షయెన్, అరాపహో తెగల విడిది మీద సైన్యాన్ని నడిపించిన కల్నల్. అంతకుముందు మతబోధకుడు. ఆ రోజు వందమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు, ముసలివాళ్లే. పసివాళ్లను ఎందుకు వదలకూడదో చెప్పడానికి ఆయన వాడాడంటున్న మాటే ఈ ఈపులు, పేలు. ఊహాలోకపు గుహలో పుట్టిన ప్రశ్న నిజమైన నెత్తుటి మడుగు దగ్గరికి వెళ్లి ఆగింది.

పుస్తకమే దిద్దుకుంది

ఈ ఇబ్బంది టోల్కీన్‌నూ వదల్లేదు. ఒక జాతి మొత్తం బాగుపడే దారే లేనంత చెడ్డది కాగలదా అన్న సందేహం ఆయన ఉత్తరాల్లో కనిపిస్తుంది. పురాణాలు విని పెరిగినవాళ్లకు జవాబు తేలికే. హిరణ్యకశిపుడి కడుపున ప్రహ్లాదుడు పుట్టలేదా? లంకలో విభీషణుడు లేడా? అలాంటివాడు ఈ ఆట లోకంలోకీ 1988లో వచ్చాడు. ఆర్.ఎ. సాల్వటోర్ నవలలోని డ్రిజ్ట్. క్రూరులని పేరుపడ్డ, నల్లని మేనిఛాయ గల 'డ్రౌ' జాతిలో పుట్టి, అయినవాళ్లను కాదని మంచిబాట పట్టాడు. పాఠకులు అతణ్ని నెత్తిన పెట్టుకున్నారు. కానీ ఒక్కణ్ని మంచివాడని మెచ్చుకోవడమంటే మిగతా జాతి చెడ్డదని ఒప్పుకోవడమే కదా!

ఈలోగా నిబంధనలు మెల్లగా మారుతూ వచ్చాయి. మొదట్లో కట్టుబాటు గల చెడ్డజాతిగా ఉన్న ఓర్క్‌లు, 2000లో వచ్చిన మూడో కూర్పు నాటికి ఇష్టారాజ్యపు చెడ్డజాతి అయ్యారు. 2003 సవరణలో ఆ ముద్రకు ముందు 'తరచుగా' అన్న మాట ఉంది. 2020 జూన్‌లో ప్రచురణ సంస్థ విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ ఇంకో అడుగు వేసింది. ఓర్క్, డ్రౌ జాతులను చూపించిన తీరు, నిజజీవితంలో కొన్ని జాతులను కించపరిచిన తీరునే గుర్తుచేస్తోందని ఒప్పుకుంది. 2024 పుస్తకంలో మనిషి, ఎల్ఫ్‌లతో పాటు ఓర్క్ కూడా ఆటగాడు ఎంచుకోగల పాత్రే.

పాత ఆటగాళ్లలో కొందరికి ఇది రుచించలేదు. రాక్షసులు రాక్షసుల్లా ఉంటేనే ఆట, సరదాగా ఆడుకునేదానికి ఇంత తర్కం ఎందుకన్నది వాళ్ల వాదన. అందులోనూ సబబు లేకపోలేదు. కథకు రావణుడు కావాల్సిందే. అయితే రావణుణ్ని చెడ్డవాణ్ని చేసింది రాక్షసకులంలో పుట్టడం కాదు, సీతను ఎత్తుకుపోవడం.

అన్నిటికన్నా చెప్పుకోదగ్గ మార్పు పాలడిన్ శక్తిలో వచ్చింది. పాతరోజుల్లో కాసేపు మనసు నిలిపితే చాలు, ఎదుట ఉన్న చెడు అతనికి తెలిసిపోయేది. 2014 నిబంధనల్లో ఆ శక్తి దేవతలు, పిశాచాల్లాంటి వాటి జాడ మాత్రమే చెబుతుంది. మనిషి మనసులో ఏముందో, ఓర్క్ మనసులో ఏముందో చెప్పదు. ఎదుటివాడు ఎలాంటివాడో తెలుసుకోవాలంటే పాలడిన్ కత్తి ఒరలో పెట్టి నాలుగు మాటలు మాట్లాడాల్సిందే. గుహ మూలలో నక్కిన ఆ పిల్లల దగ్గరైనా సరే.