ఊరికెళ్లొచ్చేసరికి... హాజరు హరీ!

బెంగళూరు: సంక్రాంతికి ఆంధ్రలో బడులకు వారం పైనే సెలవులు. కర్ణాటకలో ఒక్క రోజు. ఈ తేడా దగ్గరే బెంగళూరులోని తెలుగు పిల్లలకు చిక్కు మొదలవుతోంది. అమ్మానాన్నలు ఊరికి బయల్దేరితే పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలి? సంచీ సర్దుకుని బస్సెక్కాల్సిందే. పండగ ముందు రెండు రోజులు, తర్వాత అయిదు రోజులు. తిరిగొచ్చేసరికి హాజరు పట్టీలో వారం గల్లంతు. పైగా అది జనవరి. పదో తరగతి పిల్లలకు ప్రిపరేటరీ పరీక్షలు జరిగే కాలం.

ఒక్క పండగతో కొంపేమీ మునగదు. ఏడాదికి 220 పనిదినాలు అనుకుంటే అందులో 75 శాతం అంటే 165. యాభై అయిదు రోజుల వరకు వెసులుబాటు ఉన్నట్టే లెక్క. అయితే ఆ యాభై అయిదూ ఎట్లా కరిగిపోతాయో చూడాలి. కర్ణాటకలో బడులు మే నెలాఖరుకే తెరుస్తారు. ఆంధ్రలో జూన్ 12 అలవాటు. ‘మనకింకా సెలవులే కదా’ అని ఊళ్లోనే ఉండిపోతే అక్కడే పది, పన్నెండు రోజులు పాయె. అక్టోబరు, నవంబరుల్లో అనంతపురం వైపు వేరుశనగ కోతలు. ఫాల్గుణంలో కదిరి తేరు. మధ్యలో పెళ్లిళ్లు, చావులు, ఓట్ల పండగ. జ్వరమొచ్చి పడుకున్న రోజులు వీటికి అదనం.

కర్ణాటక ఎస్‌ఎస్‌ఎల్‌సీ పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు తప్పనిసరి. సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడుల్లోనూ అంకె అదే. తగ్గినప్పుడు మాఫీ చేసే అధికారం బోర్డుది. హెడ్‌మాస్టర్ కాళ్లావేళ్లా పడితే పని జరుగుతుందన్న నమ్మకం చాలామంది తల్లిదండ్రుల్లో ఉంది. ఆయన చేయగలిగింది కాగితాలు పైకి పంపడమే. ఆ కాగితాలే లేకపోతే ఆయన మాత్రం ఏం పంపుతారు?

అసలు లోటు ఇక్కడే. రాకపోవడం కన్నా చెప్పకపోవడమే పిల్లల కొంప ముంచుతోంది. లీవు లెటరు రాసిచ్చే అలవాటు కూలి కుటుంబాల్లో తక్కువ. ఫోన్లో టీచరుకు చెప్పాం కదా అంటారు. ఫోను మాట రికార్డులో ఉండదు. సీబీఎస్‌ఈ 2025 ఆగస్టులో ఇచ్చిన సర్క్యులర్ ఈ సంగతే తేల్చి చెప్పింది. జబ్బు చేస్తే సెలవు పెట్టిన వెంటనే వైద్య పత్రాలతో దరఖాస్తు ఇవ్వాలి. హాజరు తగ్గుతుంటే బడి కూడా తల్లిదండ్రులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ బోర్డులో పరీక్ష ఏడాది జనవరి 1 నాటికి హాజరు లెక్క కడతారు. ఫిబ్రవరిలో డాక్టరు చీటీ తెచ్చి ప్రయోజనం లేదు.

డబ్బున్నోళ్ల కథ వేరు

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు సాఫ్ట్‌వేర్ కుటుంబాల్లో హాజరు పోయే దారి ఇంకొకటి. పేరు ఒక బడిలో, చదువు ఐఐటీ కోచింగ్ సెంటర్లో. వీటికి ‘డమ్మీ’ బడులని పేరు. ఈ రోగం తెలుగువాళ్లు తెచ్చిందేమీ కాకపోయినా, ఇంటర్‌ అంటే కోచింగే అనుకునే అలవాటు మనకు బాగానే ఉంది. 2024 నవంబరులో సీబీఎస్‌ఈ ఢిల్లీ, రాజస్థాన్‌లలో 21 బడుల గుర్తింపు రద్దు చేసింది. డిసెంబరులో ఆకస్మిక తనిఖీలు చేసిన ఊళ్లలో బెంగళూరూ ఉంది. బడికి రాని పిల్లలు బోర్డు పరీక్ష కాకుండా ఓపెన్ స్కూల్ పరీక్ష రాసుకోవాల్సి వస్తుందని 2025లో హెచ్చరిక కూడా వచ్చింది.

వాళ్లకు కనీసం ఇంకో దారి కొనుక్కునే స్తోమత ఉంది. దేవనహళ్లి, హొసకోటె వైపు కట్టడాల దగ్గర రేకుల షెడ్లలో ఉండే పిల్లలకు అదీ లేదు.

పద్నాలుగేళ్ల గీత

విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకే. ఎనిమిదో తరగతి దాకా టీసీ లేదని ఏ బడీ చేర్చుకోనని అనకూడదు. ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాల్సిందే. కర్ణాటక హైకోర్టు 2013లో బడిబయటి పిల్లల విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. ఆ తర్వాత నిబంధనలు బిగిశాయి. చెప్పాపెట్టకుండా ఏడు రోజులు రాకపోతే ఆ పిల్లను వెతుక్కుంటూ వెళ్లాల్సిన బాధ్యత బడిది, విద్యాశాఖది.

తొమ్మిదిలోకి రాగానే ఈ అండ పోతుంది. అప్పటిదాకా పిల్ల రాకపోతే అడగాల్సింది ప్రభుత్వం. అక్కడి నుంచి జవాబు చెప్పాల్సింది పిల్లే. తల్లి కాంక్రీటు పనికి పోతే చిన్న తమ్ముణ్ని చూసుకునేది పద్నాలుగేళ్ల అక్క. సరిగ్గా ఆ వయసులోనే చట్టం చెయ్యి వదులుతోంది, 75 శాతం నిబంధన పట్టుకుంటోంది. ఆ పిల్ల ఇంటి దగ్గర ఎందుకుందో హాజరు పట్టీలో రాసే గడి లేదు.

ఇంకో తిరకాసు సొంతూళ్లోనే ఉంది. 2020 జనవరిలో చిత్తూరులో మొదలైన అమ్మఒడికీ, 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనానికీ 75 శాతం హాజరు షరతే. ఇప్పటి పథకంలో తల్లి ఖాతాలో పడేది 13 వేలు. ఆ ఆశతో పేరు ఊరి బడిలోనే ఉంచి, పిల్లాణ్ని బెంగళూరు తీసుకొచ్చేవాళ్లున్నారు. వాళ్లను తప్పుపట్టడం తేలికే. 13 వేలంటే షెడ్డులో ఉండే కుటుంబానికి చిన్న మొత్తం కాదు మరి. కాకపోతే విద్యార్థికి దేశమంతటా ఒకే శాశ్వత నంబరు వచ్చాక రెండు చోట్ల పేరు నిలవడం కష్టం. చివరికి అక్కడ హాజరు లేదు, ఇక్కడ పేరు లేదు. పిల్లాడు రెండింటికీ చెడుతున్నాడు.

మారేవాళ్లు తొమ్మిదిలోపే మారడం మంచిది. పదో తరగతి మధ్యలో వస్తే టీసీతోపాటు అప్పటిదాకా వచ్చిన రోజుల లెక్కను పాత బడి హెడ్‌మాస్టర్ సంతకంతో తెచ్చుకోవాలి. టీసీని ఇక్కడి ఆఫీసుల్లో ‘వర్గావణె పత్ర’ అంటారు. రాష్ట్రం దాటి వచ్చిన టీసీపై ఆంధ్ర విద్యాధికారి సంతకం కూడా ఉంటే మళ్లీ వెనక్కి తిరిగే పని తప్పుతుంది. అన్నీ మించిపోయాక మిగిలేది ప్రైవేటు అభ్యర్థిగానో, ఓపెన్ స్కూల్ ద్వారానో రాయడం. అయితే ఆ దారిలో పిల్లకు రోజూ పాఠం చెప్పేవాళ్లెవరూ ఉండరు.

ఇవన్నీ అడిగి తెలుసుకోవాల్సిన చోటు బడి ఎస్‌డీఎంసీ సమావేశం. మనవాళ్లు దానికి వెళ్లరు. కన్నడంలో మాట్లాడతారని కొంత, ఆ పూట కూలి పోతుందని కొంత.